పద్దుల వెనుక పేర్లు

కిందటి వేసవిలో మా సంఘము గిడ్డంగికి సున్నము వేయించుటకై పాత బీరువాలు బయట పెట్టించినాము. ఒక బీరువా అడుగు అరలో, ఎండిన వేపాకు నడుమ మడిచిపెట్టిన చీర ఒకటి కనబడినది. మిరపపండు ఎరుపు నేల. అంచున రుద్రాక్ష వరుస, దాని పక్కన సన్నని పసుపు పోగు. ఇరువైపులా అంచు ఎక్కడా వంకర పోలేదు. పట్టుకొని చూచిన పెద్దలు "ఇది మామూలు చేయి కాదు" అన్నారు.

ఆ వారమే ఒక వ్యాపారి దానిని చూచి, ఇటువంటివి ఇరవై కావలెనన్నాడు. "నేసినవారు ఎవరు?" అని అడిగినాడు. మేము స్టాకు పుస్తకము తీసినాము. తేదీ ఉన్నది. నూలు నంబరు ఉన్నది. కొలత ఉన్నది, కూలి ఉన్నది, మగ్గము నంబరు ఉన్నది. మనిషి పేరు మాత్రము లేదు. ఆ మగ్గము నంబరు తరువాత మూడు ఇండ్లు మారినది. ఆ అంచు ఏ విధముగా ఎత్తవలెనో చెప్పగలవారు మా వీధులలో దొరకలేదు. బేరము పోయినది. బేరము పోవుట చిన్న సంగతి. ఆ చేయి ఎవరిదో తెలియకపోవుట పెద్ద సంగతి. దాచుటకు ఏమున్నది, ఆ పుస్తకములో కొన్ని పుటలు మా చేతివ్రాతయే.

ఈ బాధ మనసులో ఉండగానే, చేనేత సాంకేతిక విద్య చదువుచున్న మా సభ్యుని కుమారుడొకడు ఇంగ్లండులోని ఒక చిత్రకారిణి పనుల ఫోటోలు తెచ్చి చూపినాడు. ఆమె పేరు లుబైనా హిమిద్. మెట్రిక్ వరకు చదివిన మాకు చిత్రకళ లోతులు తెలియవు. ఆమె పనులను మేము కళ్ళార చూచినవారము కూడ కాము. అయినను ఒక బొమ్మ వీపున అంటించిన కాగితమును చూచి ఆగిపోయినాము. అది జమాఖర్చుల కాగితము. చిట్టా, ఆవర్జా వ్రాసి బ్రతుకు మావంటివానికి అది కొత్తది కాదు. అందువలన ఆమె సంగతి తెలిసినంతవరకు విచారించి, మన కుటుంబముల వారికి ఉపయోగపడునని తోచి వ్రాయుచున్నాము.

నేతతో పుట్టిన సంబంధము

హిమిద్ గారు 1954లో తూర్పు ఆఫ్రికా తీరమున ఉన్న జాంజిబార్ దీవిలో పుట్టినారు. పసిబిడ్డగా ఉండగానే తండ్రి పోయినాడు. తల్లి బిడ్డను తీసికొని ఇంగ్లండు చేరినది. ఆ తల్లి వృత్తి బట్టలకు నమూనాలు గీయుట. ఆ విధముగా మన వృత్తికి దగ్గరి ఇంటిలోనే ఆమె పెరిగినారు.

జాంజిబార్ స్త్రీలు కట్టు బట్టను కాంగా అందురు. అది అచ్చువేసిన నూలుబట్ట. దానికి మూడు అంగములు. చుట్టును అంచు, నడుమ నమూనా, ఆ నమూనా కింద ఒక సామెతగాని చిన్న మాటగాని. ఆ మాటను వారి స్వాహిలీ భాషలో 'జినా' అందురు. జినా అనగా పేరు. పేరు లేని కాంగా పూర్తి కాంగా కాదన్నమాట. ఈ కాంగా నమూనాలు హిమిద్ గారి చిత్రములలో మాటిమాటికి కనబడును.

ఆమె మొదట నేర్చినది లండనులో రంగస్థల అలంకరణ. నాటకమునకు తెరలు కట్టుట, చెక్కను మనిషి ఆకారమున కోసి రంగు వేసి నిలబెట్టుట ఆ విద్యలోనివే. తరువాత ఆమె పనికి ఇదియే పునాది అయినది. 1984లో రాయల్ కాలేజీ ఆఫ్ ఆర్ట్‌లో పై చదువు ముగించి, ఆ తరువాతి కాలములో లాంకషైర్‌లోని ప్రెస్టన్ పట్టణమున స్థిరపడి, అక్కడి విశ్వవిద్యాలయమున ఆచార్యులైనారు. ప్రెస్టన్ అనగానే మనవారికి ఒక మాట చెప్పవలె. 1769లో నీటి బలముతో నూలు వడకు యంత్రమునకు పేటెంటు పొందిన రిచర్డ్ ఆర్క్‌రైట్ పుట్టిన ఊరు అదియే. మన రాట్నములను మూల కూర్చోబెట్టిన మిల్లు నూలు కథ అక్కడి వారి నుండియే మొదలైనది.

అతుకుల పని

ఆమె పనిని మిశ్రమ మాధ్యమమందురు. రంగు, చెక్క, కాగితము, బట్ట, ఉన్ని, గుండుసూదులు, ఏది చేతికందిన అది చిత్రములో చేరును. వేరువేరు ముక్కలు తెచ్చి ఒకచోట అతికి బొమ్మ కట్టుటను కొలాజ్ అందురు. మన ఆడవారు పాత చీరలు కోసి బొంత కుట్టుట ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. బొంతలో ఏ ముక్క ఎవరి పెళ్ళి చీరదో, ఏది ఎవరి పసితనపు పావడాదో ఇంటిలోని వారు చెప్పగలరు. ముక్క తన పాత కథను విడువకుండ కొత్త పొత్తులో చేరును.

1984లో ఆమె గులాబి రంగు బట్ట మీద ఇద్దరు నల్లజాతి స్త్రీలు పరుగెత్తుచున్నట్లు చిత్రించినారు. పికాసో చిత్రములో సముద్రపు ఒడ్డున పరుగెత్తు ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఆ చోటను ఈమె తన వారికి ఇచ్చినారు. 1986లో, 18వ శతాబ్దపు ఆంగ్ల చిత్రకారుడు హొగార్త్ వేసిన పెళ్ళి చిత్రముల వరుసలో ఒకదానిని తీసికొని, చెక్క బొమ్మలతోను, వార్తాపత్రిక ముక్కలతోను, ఇంటి సామానుతోను ఒక గదిలో నిలబెట్టినారు. నాటి దొరల స్థానములో నేటి అధికారులు నిలిచినారు. హొగార్త్ చిత్రములోని నల్లజాతి సేవకుడు అందరి దృష్టికి వచ్చినాడు. ఈ విధముగా గది నిండ అమర్చు పనిని వారు ఇన్‌స్టలేషన్ అందురు. మన దసరా బొమ్మల కొలువును తలచుకొనిన పోలిక తెలియును. అయితే ఇక్కడ చూచువారు కొలువు ముందర నిలబడరు. బొమ్మల నడుమ నడతురు.

రోజువారీ పనికి వత్తము. 2007 నుండి దాదాపు పదేండ్లు ఆమె తన ఇంటికి వచ్చు గార్డియన్ దినపత్రిక పుటలను దాచినారు. నల్లజాతి వారి ఫోటో ఏ వార్త పక్కన పడినది, ఏ శీర్షిక కింద పడినది చూచినారు. పరుగుపందెములో గెలిచినవాని నవ్వు ముఖము పక్కన ఏదో నేరపు వార్త పడిన, చదువువాని మనసులో రెండును కలిసిపోవును. వ్రాసినవారికి ఆ ఉద్దేశము లేకపోవచ్చును. పుట కట్టినవారు గమనించకపోవచ్చును. ఆమె ఆ పుటలనే తీసికొని, కొంత భాగమును రంగులతోను బట్టల నమూనాలతోను కప్పి, కొంత మిగిల్చి, ఆ పొత్తు ఎట్లున్నదో కనబడునట్లు చేసినారు. ఇటువంటివి ఒకటి రెండు కావు, పెద్ద కట్ట అయినవి. ఒక్క పుట చూచిన పొరపాటు అనిపించును. వరుసగా చూచిన వాడుక అని తెలియును. రోజు కొంచెము చేయు పనికి గల బలము ఇది. ఒక పోగు బట్ట కాదు, ఆగక వేసిన పోగులే బట్ట అగును.

నూరుగురు నిలిచిన గది

మమ్ము ఆపిన జమాఖర్చుల కాగితము 2004 నాటి పనిలోనిది. 'నేమింగ్ ది మనీ' అని దాని పేరు. సొమ్ముకు పేరు పెట్టుట అని చెప్పవచ్చును. మొదట న్యూకాసిల్ పట్టణమున హాటన్ గ్యాలరీలో పెట్టినారు. పూర్వము ఐరోపా రాజుల కొలువులలో, ధనికుల ఇండ్లలో ఆఫ్రికా వారిని బానిసలుగా ఉంచుకొనెడివారు. ఒక రాజు మరొక రాజునకు కానుకగా పంపెడివాడు. ఆనాటి చిత్రపటములలో వారు దొరసాని కుర్చీ వెనుక గొడుగు పట్టుకొనియో, కుక్కను పట్టుకొనియో కనబడుదురు. దొర పేరు పటము కింద ఉండును. వారి పేరు ఉండదు.

హిమిద్ గారు అటువంటి నూరుగురిని నిలువెత్తు చెక్క బొమ్మలుగా కోసి, మంచి బట్టలు కట్టించినట్లు రంగులు వేసి నిలబెట్టినారు. పది వృత్తులు, వృత్తికి పదిమంది. కుండలు చేయువారు, మూలికలు తెలిసినవారు, చెప్పులు కుట్టువారు, బొమ్మలు చేయువారు, కుక్కలను మప్పువారు, పటములు గీయువారు, చిత్రకారులు, డోలు వాయించువారు, వయోల్ వాద్యము వాయించువారు, నాట్యము చేయువారు. ముందు నుండి చూచిన రంగుల కొలువు. వెనుకకు పోయి చూచిన ప్రతి వీపునను ఆ లెక్కల కాగితము. దాని మీద ఆ మనిషి తన మాట తాను చెప్పుకొనును. తనకు పుట్టినపుడు పెట్టిన పేరు, యజమాని పెట్టిన పేరు, పూర్వము తాను చేసిన పని, ఇప్పుడు తన చేత చేయించు పని, ఇన్ని పోయినను తనకు మిగిలినదేమి అని అయిదు ముక్కలు. గదిలో ఆ మాటలు సంగీతముతో కలిసి వినవచ్చును.

మనిషిని సరకుగా కట్టిన పద్దు కాగితము మీదనే మనిషి పేరు వ్రాయించుట చూచి మాకు ఒళ్ళు జలదరించినది. కాగితము అదే. గళ్ళు అవే. వ్రాసినది మారినది.

ఇందులో మరొక సంగతి కలదు. ఆ నూరు పేర్లు ఆమె ఊహించి పెట్టినవి. నిజమైన పేర్లు ఎక్కడను దొరకవు. కొన్నవాడు వ్రాయలేదు, అమ్మినవాడు వ్రాయలేదు, చెప్పవలసినవారు పోయినారు. ఒక పెద్ద కళాకారిణి తన బుద్ధినంతయు పెట్టినను ఊహకు మించి ఇవ్వలేకపోయినది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెను.

పత్తి దారి

2002లో మాంచెస్టరు ప్రదర్శన ఒకదానికి ఆమె 'కాటన్ డాట్ కామ్' అను పని చేసినారు. నలుపు తెలుపులలో ఎన్నో చిన్న చిన్న చిత్రములు, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క నమూనా, గోడ నిండ. అమెరికా తోటలలో పత్తి తీయు బానిసలును, లాంకషైర్ మిల్లులలో ఆ పత్తిని వడికి నేయు కూలివారును ఒకరితో ఒకరు మాటలాడుకొనిన ఏ విధముగా ఉండునని ఆమె ఊహ. వారు ఒకరినొకరు చూడలేదు. ఇద్దరి చేతులును ఒకే పత్తిని తాకినవి.

దీని వెనుక చరిత్ర మనవారు తెలియవలసినది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము వచ్చినది. ఉత్తరపు ఓడలు దక్షిణపు రేవులను మూసినవి. లాంకషైర్ మిల్లులకు వచ్చు పత్తిలో ఎక్కువ పాలు అక్కడిదే. మిల్లులు మూతపడినవి, లక్షలమంది పస్తులున్నారు. బానిసత్వమును నిలుపుకొనుటకు పోరాడు దక్షిణము వారితో కలిసిన పత్తి వచ్చునని చెప్పినవారు ఉన్నారు. కూలివారు అందరు ఒక్క మాట మీద లేరు. అయినను 1862 డిసెంబరు 31న మాంచెస్టరులో సభ చేసి, బానిసత్వము పోవలెననియే తమ కోరిక అని లింకనుకు జాబు వ్రాసినారు. 1863 జనవరి 19న లింకను వారికి జవాబు వ్రాసినాడు. నేటికిని మాంచెస్టరు నడిబొడ్డున లింకను విగ్రహమున్నది.

ఆ కరవులో మన దేశపు పత్తిని వారు ఓడల మీద తీసికొనిపోయినారు. సూరత్ పత్తి అని దానికి పేరు. పింజ పొట్టిది, మట్టి ఎక్కువ, పోగు ఊరక తెగును. లాంకషైర్ నేతగాండ్రు దానిని తిట్టుకొనుచు నేసినారు. తెగిన పోగులు అతుకుటలోనే పొద్దు పోయి కూలి తగ్గినది. తెగు నూలుతో కుస్తీ పట్టుట ఎట్టిదో మనకు ఒకరు చెప్పవలెనా? ఇక్కడ పత్తి ధర మండి, కొన్ని ఏండ్లు రైతుకు డబ్బు వచ్చినది, సాలెవానికి నూలు అందని పండు అయినది. ఆ దారిలో అమెరికా బానిస, మాంచెస్టరు కూలి, మన సాలెవాడు, ముగ్గురును ఉన్నారు.

అంతకు పూర్వపు ముడి ఇంకొకటి కలదు. 17, 18 శతాబ్దములలో ఐరోపా కంపెనీలు మన కోరమాండల్ తీరమున కొన్న నూలుబట్టలలో కొంత భాగము పశ్చిమ ఆఫ్రికాకు పోయి, అక్కడ మనుషులను కొనుటకు మారకముగా చెల్లినది. నీలిరంగు వేసిన ఒక రకమునకు గినీ బట్ట అను పేరే వచ్చినది. గినీ అనగా ఆ తీరపు పేరు. 19వ శతాబ్దములో పుదుచ్చేరి నుండి ఫ్రెంచివారు పంపిన నీలి గినీలు సెనెగల్ దేశమున తుమ్మబంక వ్యాపారములో నాణెము వలె చెల్లినవి. యానాము సోదరులు తమ ఊరు ఆ ఫ్రెంచివారి పాలనలోనే ఉండెనని తలచుకొందురు గాక. నేసిన మన పెద్దలకు ఆ బట్ట ఎక్కడికి పోవునో తెలియదు. కంపెనీ పద్దులలో రకము, కొలత, వెల ఉన్నవి. నేసినవాని పేరు అందులోను లేదు, దానితో కొనబడినవాని పేరు అందులోను లేదు. ఒకే పుస్తకములో రెండు ఖాళీలు.

2007లో ఇంగ్లండు బానిస వ్యాపారమును నిషేధించి రెండు వందల ఏండ్లు నిండినవి. ఆ సందర్భమున హిమిద్ గారు లాంకాస్టరు పట్టణములో, సంతలలో కొన్న నూరు పాత పళ్ళెములు, కూజాల మీద నాటి దొరల ముఖములను, బానిసల ముఖములను చిత్రించి భోజనపు బల్లకు సిద్ధము చేసినట్లు పెట్టినారు. లాంకాస్టరు ఆ వ్యాపారపు రేవులలో ఒకటి. 2021లో లాంకషైర్ వస్త్రోత్సవమునకు గాథార్ప్ హాలు పాత ధాన్యపు కొట్టములో నాలుగు వందల మీటర్ల 'డచ్ వ్యాక్స్' బట్టను నది పారినట్లు పరిచినారు. ఆ బట్ట కథయు చిత్రమైనదే. జావా వారి మైనపు అద్దకమును చూచి డచ్చి మిల్లులు అనుకరించినవి, ఆఫ్రికా వారు కొని తమదిగా చేసికొన్నారు. బట్ట ఎవరిదని అడిగిన నాలుగు దేశములు లేచి నిలుచును.

2017లో ఆమెకు టర్నర్ బహుమానము వచ్చినది. అప్పటికి ఆమె వయస్సు 63. అంతకు ముందు ఏబది ఏండ్లు దాటినవారికి ఆ బహుమానము ఇచ్చెడివారు కారు. ఆ ఏడే ఆ నిబంధన తీసివేసినారు. నల్లజాతి స్త్రీలలో దానిని పొందిన మొదటివారు ఆమెయే.

మనకేమి?

ఈ సంగతులు మా కమిటీలో చెప్పినపుడు ఒక సభ్యుడు, "కార్యదర్శి గారూ, నూలు ధర సంగతి చూడక ఈ చెక్క బొమ్మలు మనకెందుకండీ?" అన్నాడు. అడుగవలసిన మాటయే. నూలు ధర తప్పక చూడవలెను. పేరు వ్రాసినందున కూలి పెరగదు. కాని నూలు నేడు ప్రియమై రేపు చవుక కావచ్చును. పోయిన చేతిపని తిరిగిరాదు. ఆ ఇరవై చీరల బేరము నూలు ధర వలన పోలేదు.

మన తెలుగు నేతకుటుంబములు తమ ఊళ్ళు విడిచి తరములైనది. షోలాపురములో, సేలములో, బరంపురములో, ఇంక ఎన్నో చోట్ల, ఇంటిలో తెలుగు, వీధిలో మరొక భాష. బడిలో మన పిల్లలు చదువు చరిత్రలో మన పేరు రాదు. బట్ట ఆ ఊరి పేరున అమ్ముడుపోవును, లేదా కొట్టు పేరున. మనము ఉన్నట్లు సాక్ష్యము మన సంఘము పుస్తకములే. వానిలోను నంబర్లే ఉన్న ఇక ఎక్కడ వెదకవలెను?

మగ్గము మీద కూర్చున్నవాని పేరైనను సభ్యుల పట్టీలో దొరకును. కండెలు చుట్టినది ఎవరు, పడుగు సరిచేసినది ఎవరు, రంగు ఏ పాకమున దింపవలెనో తెలిసినది ఎవరు? చాల ఇండ్లలో ఆ ఇల్లాలు, అత్తగారు, కూతురు. వారి పేర్లు ఏ పద్దులోను లేవు.

మా సంఘము చేసిన ఏర్పాటు చెప్పెదము. ఖర్చు లేదు. ఒక పాత గట్టి అట్టల పుస్తకము తీసినాము. పడుగు అయిపోయినపుడు మగ్గమున మిగులు కొసనుండి మూడు అంగుళముల తునక కోసి తెమ్మన్నాము. ఆ తునకను పుటకు సూదితో కుట్టుదుము. జిగురు వేసిన పురుగు పట్టును, కావున కుట్టుటయే మేలు. పక్కన నూలు నంబరు, అచ్చు, రంగు, అంచుకు ఇంటిలో పిలుచుకొను పేరు వ్రాయుదుము. తరువాత నేసినవారి పేరు, చుట్టినవారి పేరు, ఆ నమూనా ఎవరి దగ్గర నేర్చినారో వారి పేరు. బట్వాడా నాడు ఒక్కొక్కరికి అయిదు నిమిషములు. ఈ ఏడు మాసములలో నూట ఏబది పుటలు దాటినవి. మొదట నవ్వినవారు ఇప్పుడు తమ తునక ఏ పుటలో ఉన్నదని అడిగి చూచుకొనుచున్నారు. ఒక ముసలమ్మ గారు తన పేరు వ్రాయించి, మరల చదివించుకొని, "మా అమ్మ పేరు కూడ వెయ్యి నాయనా, అల్లు నేర్పింది ఆవిడే" అన్నారు. వేసినాము.

ఎర్ర చీరను మాత్రము పుస్తకములో కుట్టలేదు. దానిని ఇంటింటికి తీసికొనిపోయి పెద్దలకు చూపినాము. ఒక ఇంటివారు అది తమ మామగారి చేయి అన్నారు. మరొక ఇంటి పెద్దావిడ అంచును వేళ్ళతో తడిమి, కాదు, తన అన్నగారిదన్నారు. ఏది నిజమో తేల్చుటకు మా వద్ద ఆధారము లేదు. రెండు పేర్లును పెన్సిలుతో వ్రాసి, పక్కన ప్రశ్నార్థకము పెట్టినాము. ఆనాడు మేము ఒక్క మాట అడిగి సిరాతో వ్రాసి ఉండిన ఈ పెన్సిలు పని లేకపోవును.

హిమిద్ గారికి నూరు పేర్లు ఊహించక తప్పలేదు. మన పేర్లవారు ఇంకను అరుగు మీద కూర్చుని ఉన్నారు. పోయి అడుగవలసినదే. తక్కిన సంఘముల కార్యదర్శులు ఇటువంటి పుస్తకము తెరచిన, లేక ఇంతకన్న మంచి పద్ధతి ఎరిగిన, ఈ పత్రికకు వ్రాయవలెనని కోరుచున్నాము.

— ఒక సంఘ కార్యదర్శి